కాంటా మీద ఫియట్

ఒకటోసారి, రెండోసారి అనే కేక నాకు కొత్త కాదు. బాలాపూర్ గణపతి లడ్డూ వేలం చూస్తూ పెరిగినవాణ్ని. జల్‌పల్లిలో మా ఇంటి నుంచి బాలాపూర్‌కు సైకిల్ మీద అరగంట కూడా పట్టదు. 1994లో ఆ లడ్డూను మొదటిసారి 450 రూపాయలకు పాడినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఆ తర్వాత ఏటేటా నిమజ్జనం రోజు పొద్దున్నే పాట దగ్గరికి పరుగెత్తేవాళ్లం. పాడేవాళ్లలో ఒక్కొక్కరే తగ్గిపోయి, ఆఖరి మాట ఒకరి నోట ఆగిపోయినప్పుడు జనమంతా ఊపిరి బిగబట్టేవాళ్లు. మూడోసారి అనగానే డప్పులు మోగేవి.

అలా జనమంతా ఊపిరి బిగబట్టడం మళ్లీ 2018 ఆగస్టు 25 రాత్రి కాలిఫోర్నియాలోని మాంటెరీలో చూశాను.

శాన్‌హోసేలో మేముండే చోటు నుంచి మాంటెరీ గంటన్నర దారి. ఏటా ఆగస్టులో అక్కడ వారం రోజులు పాతకార్ల తిరునాళ్లు జరుగుతాయి. సముద్రం ఒడ్డున పెబుల్ బీచ్‌లో 1950 నుంచి జరుగుతున్న పాతకార్ల పోటీ, లగునా సెకా ట్రాక్ మీద పాత రేసు బళ్ల పరుగులు, రాత్రిళ్లు వేలంపాటలు. ఆఫీసులో కార్లంటే ప్రాణం పెట్టే మిత్రుడొకడు ఆర్‌ఎం సదబీస్ వేలానికి నన్ను వెంట తీసుకెళ్లాడు. ఆ రాత్రి అందరూ ఎదురుచూసింది 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ, ఛాసిస్ నంబరు 3413. సుత్తి 4 కోట్ల 40 లక్షల డాలర్ల దగ్గర పడింది. వేలం సంస్థ కమీషను కలిపితే 4 కోట్ల 84 లక్షల డాలర్లు. అప్పటి లెక్కన దాదాపు 340 కోట్ల రూపాయలు. అప్పటివరకు వేలంలో ఏ కారూ అంత పలకలేదు. నెల తిరిగీ తిరగకముందే, ఆ ఏడు బాలాపూర్ లడ్డూ 16 లక్షల 60 వేలు పలికిందని అన్న ఫోన్‌లో చెప్పాడు.

మాంటెరీ నుంచి తిరిగొస్తుంటే దారంతా నాకు గుర్తొచ్చినవి మా నాయిన ఎర్రట్ట పుస్తకాలు.

శ్రీశైలం రోడ్డు మీద, పహాడీషరీఫ్ గుట్టకు ఇవతల, నాయినకు ఒక రేకుల షెడ్డు ఉండేది. బోర్డు లేదు. ‘ఫియట్ మేస్త్రి’ అని అడిగితే చాంద్రాయణగుట్ట దాకా ఎవరైనా దారి చెప్పేవాళ్లు. నాయినకు పని నేర్పిన ఉస్తాద్ బార్కస్ మనిషి. పన్నెండేళ్ల వయసులో స్పానర్లు అందించే ఛోటాగా ఆయన దగ్గర చేరి, కార్బొరేటర్ విప్పడం నుంచి డెల్కో టైమింగ్ పెట్టడం దాకా అక్కడే నేర్చుకున్నాడు. ఇటలీలోని తూరిన్‌లో పుట్టిన ఫియట్ 1100ను బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసేది. 1964లో డిలైట్ అన్నారు, తర్వాత ప్రెసిడెంట్ అన్నారు, 1974 నుంచి పద్మిని అన్నారు. పేర్లు మారాయి గానీ లోపల అదే 1089 సీసీ ఇంజిను. నాయిన చివరిదాకా పద్మినిని కూడా ఫియట్ అనే అన్నాడు.

షెడ్డుకొచ్చిన ప్రతి బండికీ ఆయన పుస్తకంలో ఒక పేజీ ఉండేది. పైన బండి నంబరు, కింద ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు. హెడ్డు ఎప్పుడు దించాడు, ఏ సామాను రాణిగంజ్ నుంచి కొత్తది తెచ్చాడు, ఏది వేరే బండి నుంచి తీసి వేశాడు, అన్నీ తారీఖులతో సహా. ఐదో తరగతి దాటని మనిషి. గ్రీజు వేళ్ల ముద్రలతోనే గుండ్రటి అక్షరాలు. ఎందుకింత రాయడం అని చిన్నప్పుడు అడిగాను. ‘‘రేపు ఈ బండి ఇంకో మేస్త్రి చేతిల పడ్తది. దీనికి ఏమైందో వానికి తెల్వాలె గద బిడ్డా’’ అన్నాడు.

2009లో నాయిన పోయాడు. అంతకు ముందు ఏడాదే శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు మొదలైంది, ఆ చుట్టుపక్కల భూముల ధరలకు రెక్కలొచ్చాయి. షెడ్డు అమ్మేశాం. మూలన ఒక డిలైట్ మిగిలి ఉంది. రిటైరైన హెడ్‌మాస్టరు గారిది, రిపేరుకని ఇచ్చి మళ్లీ రాలేదు. వాళ్లింటికి కబురు పంపితే పిల్లలు మాకొద్దన్నారు. ఏం చేద్దామని అన్న ఫోన్ చేశాడు. నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. ‘‘తీసెయ్ అన్నా’’ అన్నాను. జల్‌పల్లిలో తుక్కు గోదాములకు కొదవ లేదు. కబాడీ అతను వచ్చి ఇంజిను వేరు చేసి, మిగతా డొక్కును కాంటా మీద తూచి పట్టుకుపోయాడు. పుస్తకాలను కాగితం లెక్కన విడిగా తూచాడట. ఆ సంగతి అన్న తర్వాత ఫోన్‌లో మామూలుగా చెప్పాడు, నేనూ మామూలుగానే విన్నాను.

తొమ్మిదేళ్ల తర్వాత మాంటెరీలో ఆ జీటీఓ కేటలాగు చేతికొచ్చినప్పుడు తెలిసింది ఏం తూచి ఇచ్చామో. అందులో ఆ బండి బతుకంతా ఉంది. 1962లో టార్గా ఫ్లోరియో రేసుకు ముందు రేసర్ ఫిల్ హిల్ దాన్ని నడిపి చూశాడు. ఎడోవార్డో లువాల్డి-గబార్డి దానిమీద ఆ ఏడాది ఇటలీ జాతీయ జీటీ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 2000 నుంచి మైక్రోసాఫ్ట్ తొలినాళ్ల ఉద్యోగి గ్రెగ్ విట్టెన్ దగ్గర ఉండేది. ఏ యజమాని నుంచి ఏ యజమానికి వెళ్లింది, ఏ రేసులో ఏ స్థానం వచ్చింది, ఏ భాగం అసలుది, ఏది మార్చారు. ఆ పేజీలు తిప్పుతుంటే ఎర్రట్ట పుస్తకంలోని గళ్లే కనిపించాయి నాకు.

ఈ మార్కెట్లో అందరి నోటా వినిపించే మాట ‘మ్యాచింగ్ నంబర్స్’. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఏ ఇంజిను, ఏ గేర్‌బాక్సు, ఏ ఛాసిస్ కలిసి వచ్చాయో ఈరోజుకీ అవే కలిసి ఉండాలి. అలా ఉన్నాయని మారనెల్లోలో ఫెరారీవాళ్ల క్లాసికే విభాగం పరిశీలించి ధ్రువపత్రం ఇస్తుంది. మార్సెల్ మస్సీని అనే స్విస్ చరిత్రకారుడు ఒక్కో ఫెరారీ ఛాసిస్ చరిత్రను నమోదు చేయడానికే తన జీవితం వెచ్చించాడు. ఆ కాగితాలు సక్రమంగా ఉన్న బండికీ, ఇంజిను ఎక్కడో మారిపోయిన బండికీ పైకి చూస్తే తేడా కనిపించదు. పాట మొదలయ్యాక తెలుస్తుంది.

జీటీఓ కూడా ఒకనాడు ఎవరికీ అక్కర్లేని బండే. 1962 నుంచి 1964 దాకా మొత్తం 36 తయారయ్యాయి. కొత్తదానికి అమెరికాలో ధర దాదాపు 18 వేల డాలర్లు, కొనేవాడు కంపెనీ అధినేత ఎంజో ఫెరారీకి నచ్చాలి కూడా. రెండు మూడేళ్లలో రేసుల్లో దాని కాలం చెల్లింది. టెక్సాస్‌లో ఒక జీటీఓను విక్టోరియా హైస్కూల్‌కు దానం చేశారు, పిల్లలు మెకానిక్ పని నేర్చుకోవడానికి! 1972లో ఆ స్కూలు దాన్ని 6,500 డాలర్లకు అమ్మేసింది. కొన్నాయన ఒహైయోలో ఒక పొలంలో ట్రైలర్ మీదే వదిలేశాడు. దాదాపు పదిహేనేళ్లు అది ఎండకు ఎండి, వానకు తడిసి, మంచులో మునిగింది. ఆ కథ మొదటిసారి చదివిన రోజు నాకు మా షెడ్డు మూలనున్న డిలైట్ కళ్లముందు మెదిలింది. ఆ పొలం దారిన కాంటా బండి వెళ్లకపోవడమే దాని అదృష్టం.

ధరల సంగతి కొంచెం చెప్పాలి. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ చనిపోయాక ఆ పేరున్న ప్రతిదానికీ ధర ఎగబాకింది. జపాన్ డబ్బు తోడై జీటీఓ కోటి డాలర్లు దాటింది. 1990 తర్వాత ఆ బుడగ పగిలి, 90ల నడుమకు 30 లక్షల డాలర్ల లోపుకు దిగివచ్చింది. అప్పు చేసి కొన్నవాళ్లు కుదేలయ్యారు. మళ్లీ మెల్లగా పైకి లేచింది. 2014లో బోనమ్స్ వేలంలో 3 కోట్ల 81 లక్షలు, 2018లో నేను చూసిన పాట, 2023 నవంబరులో న్యూయార్క్‌లో ఫెరారీ జట్టే స్వయంగా రేసులో దింపిన జీటీఓకు 5 కోట్ల 17 లక్షలు. ఫెరారీల్లో అప్పటికి అది రికార్డే అయినా, వేలందారులు 6 కోట్లకు పైన వస్తుందని అంచనా వేశారు. శిఖరం మీద ఉన్న బళ్ల మాట ఇది. మధ్యరకం 1950, 60ల ఇటాలియన్ కార్ల ధరలు 2015 తర్వాత చల్లబడ్డాయి. ఇప్పుడు డబ్బు చేతికొచ్చిన వయసువాళ్లు గోడమీద ఫెరారీ ఎఫ్40 పోస్టరు అంటించుకుని పెరిగినవాళ్లు. వాళ్లు ఎఫ్40, ఎఫ్50, ఎంజో మోడళ్ల వెంట పడుతున్నారు. మనిషి తన పద్దెనిమిదో ఏట ఆశపడి కొనలేకపోయినదాన్నే యాభయ్యో ఏట కొంటాడు. అందుకే పాత కార్ల ధరలు తరంతో పాటు కదులుతాయి.

ఈ కార్లను షేర్లలా కొని, వాతావరణం అదుపులో ఉంచిన గోదాముల్లో దాచేవాళ్లంటే నాకు గౌరవం లేదు. నడవడానికి పుట్టిన బండి నడవాలి. ఈ వ్యాపారం వల్ల ఒక్క మేలు మాత్రం జరిగింది. పాతదాన్ని కొత్తగా మెరిపించడం కంటే ఉన్నదాన్ని ఉన్నట్టు నిలపడానికి విలువ పెరిగింది. ఫ్రాన్స్ పడమటి పల్లెలో ఒక కుటుంబం షెడ్లలో దశాబ్దాలుగా మగ్గిన కార్లను 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో ఆర్ట్‌క్యూరియల్ వేలం వేసింది. అందులో పాత పత్రికల కట్టల కింద దొరికిన ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ ఉంది. నటుడు అలెన్ డెలాన్ ఒకప్పుడు అందులో తిరిగాడు, ఫోటోలున్నాయి. దుమ్ము తుడవకుండానే వేలానికి పెట్టారు. 1 కోటి 63 లక్షల యూరోలు పలికింది. నాయిన ఎప్పుడూ ఒక మాట అనేవాడు, కంపెనీ రంగు ఒక్కసారే పడుతుందని. పగుళ్లు వచ్చినా గీకనిచ్చేవాడు కాదు. గిరాకీలు కొత్తగా మెరవాలని గొడవపడితే వేరే షెడ్డుకు పొమ్మనేవాడు.

మొన్న సెలవులకు జల్‌పల్లి వెళ్లాను. షెడ్డు ఉన్నచోట నాలుగంతస్తుల ఇల్లు లేచింది. అమ్మ పాల లెక్క రాసుకునే పుస్తకం మంచం పక్కన ఉంది. ఎర్రట్ట. తిరగేస్తే వెనక పేజీల్లో నాయిన అక్షరాలు. నా చేయి వణికింది. ‘‘గిదొక్కటి నేనే దాసిన. సగం ఖాళీ ఉండె, పాల లెక్కకు పనికొస్తదని’’ అంది అమ్మ. అందులో హెడ్‌మాస్టరు గారి డిలైట్ పేజీ ఉంది. ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు, నాలుగు తారీఖులు. ఆఖరి వరుసలో ‘క్లచ్ ప్లేటు వెయ్యాలె’ అని ఉంది.

బండి లేదు, పేజీ ఉంది.

అన్న కొడుకుతో కూర్చుని అప్పుడే పాత బళ్ల రూల్స్ చదివాను. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బళ్ల రిజిస్ట్రేషన్‌కు నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజినులో పెద్ద మార్పులు జరగని కార్లకు, టూవీలర్లకు ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. మొదటి రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత రెన్యువల్‌కు 5 వేలు. రోజువారీ తిరగడానికి, కిరాయికి పనికిరాదు. ప్రదర్శనలకు, పాత కార్ల ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తీసుకెళ్లొచ్చు. అడిగే కాగితాల్లో ముఖ్యమైనది పాత ఆర్‌సీ. మార్పులు జరగలేదని చూపించడానికి నంబర్లు కలవాలి. మాంటెరీలో విన్న మాటే మన రూల్‌లోనూ ఉంది.

ఫియట్‌కు కోట్లు వస్తాయని నేను చెప్పను. 36 మాత్రమే పుట్టిన బండి కథ వేరు, దశాబ్దాల పాటు కుర్లా నుంచి వస్తూనే ఉన్న బండి కథ వేరు. కానీ అవి కూడా తరిగిపోతున్నాయి. బొంబాయి రోడ్ల మీద ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో ఆగిపోయింది. 1974లో పద్మిని పేరుతో వచ్చిన మొదటి బళ్లు ఇప్పుడిప్పుడే 50 ఏళ్లు దాటుతున్నాయి. అంటే కాంటా ఎక్కకుండా మిగిలినవాటికి వీఏ నంబరు దక్కే వయసు ఇదే.

మీ ఊళ్లో, మీ పెద్దనాన్నగారి దొడ్లో, వేపచెట్టు కింద అలాంటి బండి ఒకటి ఉండే ఉంటుంది. బానెట్ ఎత్తి ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు ఫోటో తీయండి. ఆర్‌సీ ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. మేస్త్రి రాసిన చీటీ గానీ, పెళ్లి ఆల్బంలో ఆ కారు పక్కన దిగిన ఫోటో గానీ దొరికితే అన్నీ ఒక సంచిలో పెట్టి డాష్‌బోర్డులో ఉంచండి. అది చేశాక కబాడీవాణ్ని పిలవాలో వద్దో తేల్చుకోండి.