లోపం చెప్పి అమ్మిన గడియారం

మా మదర్సాలో విద్యార్థులకు సెల్‌ఫోను అనుమతి లేదు. ఈ ఏడాది ఖుర్ఆన్ కంఠస్థం పూర్తిచేసిన ఒక విద్యార్థికి అజాన్ ఇచ్చే బాధ్యత అప్పగించినప్పుడు, అతనికి ఒక చేతిగడియారం కానుకగా ఇవ్వాలని సంకల్పించాము. చవకరకం బ్యాటరీ గడియారం చెడిపోతే దానిని బాగుచేసేవారుండరు, పారవేయవలసిందే. మరమ్మతు చేయించుకుంటూ ఏళ్ల తరబడి వాడుకోగల పాత చాబీ గడియారమైతే మేలనిపించింది. వెయ్యి రూపాయలలోపు అది సాధ్యమేనా అని తెలుసుకోవడానికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలు తిరిగాము.

పాత చాబీ గడియారం అనగానే మన పెద్దలకు గుర్తుకు వచ్చే పేరు హెచ్.ఎం.టి. ఈ ప్రభుత్వరంగ సంస్థ జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో గడియారాల తయారీ ప్రారంభించింది. జనతా, పైలట్, సోనా, కాంచన్ అనే పేర్లతో అవి ఊరూరా చేరాయి. మన హైదరాబాదు ఆల్విన్ కంపెనీ కూడా సీకో సహకారంతో గడియారాలు తయారుచేసింది. కాలక్రమంలో ఆ తయారీలన్నీ ఆగిపోయాయి. హెచ్.ఎం.టి. వాచెస్ మూసివేతకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అందువల్ల నేడు ఒక పాత గడియారానికి విడిభాగం కావాలంటే చాలాసార్లు మరొక పాత గడియారంలో నుంచే తీయవలసి వస్తున్నది.

సూర్యాపేటలో మేము వెతికిన దుకాణాలలో బ్యాటరీ గడియారాలు తప్ప మరేమీ కనబడలేదు. ఒకప్పుడు గడియారాలు బాగుచేసిన బల్లల మీద ఇప్పుడు సెల్‌ఫోను అద్దాలు మారుస్తున్నారు. కోదాడలో అడిగి చూడమని ఒకరు చెప్పగా, విజయవాడ రహదారి మీద 40 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అక్కడికి చేరాము.

కోదాడలో మొదట చూసిన గడియారం నీలిరంగు డయల్‌తో ధగధగలాడుతున్నది. కంపెనీ నుంచి వచ్చినది వచ్చినట్టే ఉందని దుకాణదారుడు చెప్పాడు. భూతద్దం అడిగి తీసుకుని పరిశీలించాము. డయల్ మీది అక్షరాల అంచులు చెదిరి ఉన్నాయి. నిమిషాల గీతలు అంకెలకు సరిగా ఎదురుగా లేవు. వెనుక మూత తీయించగా మరల తలలు గీసుకుపోయి ఉన్నాయి, ఒక్కొక్క భాగం ఒక్కొక్క రంగులో ఉంది. రెండు మూడు గడియారాల భాగాలు కలిపి, డయల్‌కు కొత్త రంగు వేసినదని అర్థమైంది. రంగు వేయడం తప్పు కాదు, వేసిన సంగతి దాచడమే తప్పు. ఆ గడియారం అక్కడే వదిలి వచ్చాము.

బస్టాండు దారిలో ఒక వృద్ధుని బల్ల దగ్గర ఆగిపోయిన జనతా ఒకటి కనిపించింది. స్టీలు కేసు, తెల్ల డయల్. మేము అడగకముందే ఆయన చెప్పనారంభించాడు: “మౌల్వీ సాబ్, ఇది నడుస్తలేదు. సెకండ్ల ముల్లు వేరే గడియారానిది. చాబీ అరిగింది. గాజు మీద గీతలున్నయ్. అన్నీ చూసుకొనే తీస్కోర్రి.” బేరం ఆడబుద్ధి కాలేదు. అడిగిన 500 రూపాయలు ఇచ్చాము. కావలసిన భాగాలు తన దగ్గర లేవని, మిర్యాలగూడలో ఒక పనివాని దగ్గర దొరకవచ్చునని ఆయనే దారి చూపాడు.

మేము విద్యార్థులకు బోధించే ఫిఖహ్ పాఠాలలో ‘ఖియారుల్ ఐబ్’ ఒక అధ్యాయం. సరుకులో దాచిన లోపం తరువాత బయటపడితే, దానిని తిరిగి ఇచ్చివేసే హక్కు కొనుగోలుదారునికి ఉంటుంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని గుర్తించారు. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుని నిలదీశారు. మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. ఆ హదీసును మేము ఎన్నో ఏళ్లుగా చదివి వినిపిస్తున్నాము. కోదాడ బల్ల దగ్గర అది ఆచరణలో కనిపించింది.

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా బస్సు సాగింది. సాగర్ ఎడమ కాలువ నీటితో పండే వరిపొలాలు దారి పొడవునా పచ్చగా ఉన్నాయి. ఆ ధాన్యం ఆడించే బియ్యపు మిల్లులకు మిర్యాలగూడ పేరు పొందింది. మేము వెతుకుతున్న పనివాడు ఒక మేడ మెట్ల కింద చిన్న బల్ల వేసుకుని కూర్చున్నాడు. “ఇటు మిల్లుల దుమ్ము, అటు హుజూర్‌నగర్ దిక్కు సిమెంటు దుమ్ము. గడియారానికి రెండూ పడయ్” అంటూ మూత తీశాడు. లోపలి నూనె దుమ్ముతో కలిసి జిగురైపోయి ఉంది.

కంటికి భూతద్దం బిగించి, ముందు స్ప్రింగు బిగువు వదిలించి, చక్రాలు ఒక్కొక్కటే పట్టకారుతో తీశాడు. పెట్రోలులో కడిగి ఆరబెట్టాడు. చక్రాల ఇరుసులు తిరిగే చోట్ల కృత్రిమ కెంపులు పొదిగి ఉంటాయి. ఈ గడియారంలో అవి 17. వాటి రంధ్రాలను సన్నని పుల్లతో శుభ్రం చేసి, సూదిమొనతో నూనె అద్దాడు. నూనె ఎక్కువైతే అది పాకి మళ్లీ దుమ్మును పట్టుకుంటుందట. చాబీ, గాజు మార్చాడు. ఈ యంత్రం గంటకు 18,000 సార్లు, అంటే సెకండుకు 5 సార్లు కొట్టుకుంటుంది. గడియారాన్ని మూడు రోజులు తన దగ్గరే ఉంచుకుని వేగం సరిచేసి, 400 రూపాయలు తీసుకున్నాడు.

ఇచ్చేటప్పుడు ఆయన కూడా దాపరికం లేకుండా మాట్లాడాడు. రోజుకు అర నిమిషం తేడా రావచ్చునని, నీళ్లు మాత్రం తగలనీయవద్దని చెప్పాడు. నమాజీలు ఈ రెండవ మాట గుర్తుంచుకోవాలి. రోజుకు అయిదుసార్లు వుజూ చేసేవారి చేతిమీద పాత గడియారానికి మొదటి శత్రువు నీరే. చాబీ పక్కనుంచి తడి చేరి ఉక్కు భాగాలు తుప్పు పడతాయి. వుజూకు ముందు గడియారం తీసి జేబులో ఉంచుకుంటే పట్టీ కింద చర్మమూ పూర్తిగా తడుస్తుంది. ప్రతి ఉదయం ఒకే వేళకు చాబీ ఇవ్వాలి, బిగుసుకున్నాక బలవంతంగా తిప్పకూడదు. సెల్‌ఫోను స్పీకర్ల దగ్గర పెట్టకూడదు. అయస్కాంత ప్రభావానికి లోనైతే గడియారం వేగంగా నడుస్తుంది. పురుషులకు బంగారం నిషిద్ధం గనుక స్టీలు కేసు ఎంచుకోవడమే నిస్సందేహమైన మార్గం.

నమాజు నిర్ణీత వేళలలో విధి అయినందున, వేళను లెక్కించే విద్యను మన పూర్వీకులు శ్రద్ధగా పెంచారు. 14వ శతాబ్దంలో దమాస్కస్ ఉమవీ మస్జిదులో ఇబ్నుష్షాతిర్ నమాజు వేళలు నిర్ణయించే ‘మువఖ్ఖిత్’గా పనిచేశారు. 16వ శతాబ్దంలో తఖీయుద్దీన్ యంత్ర గడియారాల గురించి అరబీలో గ్రంథమే రచించారు. మిర్యాలగూడ మెట్ల కింద ఉన్న ఆ చేతులలోని పనితనం ఆ విద్యకు దగ్గరి చుట్టమే.

ఆ పనివానికి ఇప్పుడు శిష్యులు లేరు. ఓపికగా కూర్చునే పిల్లవాడు దొరికితే ఫీజు లేకుండా నేర్పుతానని మాతో అన్నాడు. పాఠకులారా! మీ బీరువాలో తండ్రిగారి గడియారం ఆగిపోయి ఉంటే, మీ ఊరిలో ఇటువంటి బల్ల ఒకటి మిగిలి ఉండగానే తీసుకువెళ్లండి. ఆయన అడిగిన కూలి ఇవ్వండి. మీ ఇంట చేయి నిలకడగల కుర్రవాడు ఉంటే, అతనిని కూడా వెంట తీసుకువెళ్లి ఆ బల్ల పక్కన కాసేపు కూర్చోబెట్టండి.