ఐదొందల యాభై ఇయర్‌ఫోను, నా ఎడమ చెవి

ఈరోజు మందుల గురించి కాదు, రేట్ల గురించి కాదు, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ల గురించి. నవ్వకండి, చివరిదాకా చదవండి.

మిర్చి కల్లంలో కాపలా పడుకున్న రాత్రుళ్ళు నాకు పాటలే తోడు. అందుకని రెండు జతలు కొన్నాను. ఒకటి మూడొందలు, ఇంకోటి ఐదొందల యాభై. రెండూ వైరువే, ఛార్జింగు గొడవ ఉండదని.

మూడొందలది పెట్టగానే దబదబమని బాసు దుమ్ము లేపింది. ఇదే బాగుందనుకున్నా. రెండ్రోజులకి తెలిసింది, అది గట్టిగా మోగుతోందే గానీ బాగా మోగట్లేదని. ఏది గట్టిగా వినపడితే అదే బాగున్నట్టు అనిపించడం చెవి నైజం. అందుకే పోల్చేటప్పుడు రెంటికీ సౌండు సమానంగా పెట్టుకోవాలి.

బాగా తెలిసిన పాటతోనే పరీక్ష పెట్టండి. నేను 1980లో వచ్చిన శంకరాభరణం పాటలు పెట్టాను. మృదంగం ఎడమ వైపు గుమ్మని, కుడి వైపు టంగుమని దేనికది విడిగా వినపడాలి. మూడొందల దాంట్లో ఆ గుమ్ములో మిగతాదంతా మునిగిపోయింది. బాలు గారి గొంతు వాయిద్యాల వెనక్కి పోకూడదు. స, శ అక్షరాలు వచ్చినప్పుడు చెవిలో గుచ్చినట్టు ఉండకూడదు.

ఇంకో మాట. డబ్బాలో మూడు సైజుల రబ్బరు బుడిపెలు ఇస్తారు. బుడిపె చెవిని సరిగ్గా మూయకపోతే బాసు పోతుంది, డ్రిప్పు పైపుకి చిల్లు పడితే ప్రెషరు పోయినట్టు. బాసు లేదని తిట్టేముందు సైజు మార్చి చూడండి.

ఐదొందల యాభైది అన్నిట్లో నెగ్గింది. ఒక్కటే లోపం, ఎడమ వైపు డల్లు. తాళం, వేణువు కుడి చెవికే తెలుస్తున్నాయి. షాపులో తిరిగి ఇచ్చేద్దామని బయల్దేరితే మా అబ్బాయి ఆపాడు. "నాన్నా, ఎడమది కుడి చెవికి, కుడిది ఎడమ చెవికి పెట్టి చూడు. లోపం దానిదైతే ఇప్పుడు కుడి చెవికి డల్లుగా ఉండాలి" అన్నాడు.

మార్చా. అయినా ఎడమ చెవికే డల్లు. లోపం వస్తువుది కాదు, నాది.

గుంటూరులో చెవి డాక్టరు పరీక్ష చేశారు. 4000 హెర్ట్జ్ దగ్గర ఎడమ చెవి గీత గుంటలో పడ్డట్టు దిగిపోయింది. "ట్రాక్టరు తోల్తారా?" అని ఆయనే అడిగారు. పాతికేళ్ళ నుంచీ అన్నా. దున్నేటప్పుడు కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తాం కదా, అప్పుడు ఎడమ చెవి ఇంజను మోతకి ఎదురుగా ఉంటుంది. చెవి లోపలి సన్న కణాలు ఒకసారి చస్తే మళ్ళీ మొలవవట.

ఎడమ పక్క నుంచి పిలిస్తే కావాలనే పలకనని మా ఆవిడ ఎన్నేళ్ళుగానో పోట్లాడుతోంది. నేనూ ఎదురు కేకలేసేవాణ్ణి. ఆరోజు ఇంటికొచ్చి సంగతి చెబితే ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు కుడి పక్కకొచ్చి పిలుస్తోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ మోత వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే. క్యాబిను లేని ట్రాక్టర్లు చాలావరకు 90 దాటతాయి. దానిమీద కూర్చుని ఇంజనుని మించి పాట వినపడాలని సౌండు పెంచితే ఇంకేం మిగులుతుంది?

ట్రాక్టరు మీద పాటలు మానేసి చెవుల్లో ఫోము బిరడాలు పెట్టుకోండి. ఈ రాత్రికి మాత్రం ఇయర్‌ఫోను అటూ ఇటూ మార్చి వినండి. డల్లుదనం చెవి మారకుండా ఒక్క వైపే ఉంటే షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.