గీతగానిని వెదకుచు మృతనగరమునకు

కోటలును, కవచధారులైన అశ్వారూఢులును లేనిదే అద్భుతగాథ పుట్టదని తలచువారికి నేను ముందుగా చేతికిచ్చు గ్రంథము, నైజీరియాకు చెందిన యోరుబా రచయిత ఏమోస్ టుటువోలా వ్రాయగా 1952లో లండన్‌లో వెలువడిన ‘ది పామ్-వైన్ డ్రింకార్డ్’. దినమును ఉదయమే 150 పీపాల కల్లు దించు గీతగాడు చెట్టుపైనుండి పడి మరణింపగా, అంతటి నేర్పరి మఱొకడు దొరకక, కథానాయకుడు అతనిని వెదకుచు మృతుల నగరమునకే పయనమగును.

ఇందలి సంతలో ఒక సుందరపురుషుని మోహించి వెంటనంటిన కన్య చూచుచుండగనే, అతడు అద్దెకు తెచ్చికొన్న పాదములను, బాహువులను, తుదకు చర్మమును సైతము ఎవరివి వారికి అప్పగించి, కపాలమాత్రుడై మిగులును. ఎంత భయానకము, ఎంత మనోహరము! గీతగాండ్రను, సంతలను ఎఱిగిన మన పల్లెవాసులకు ఈ లోకము పరాయిదిగా తోచదు. ఆ కపాలము దుముకుచు పోవు అడవిదారి నాకు నేటికిని కలలో కనబడుచున్నది.