మర చీపురు

సముద్రానికి అయిదారు మైళ్ళ దూరంలో కాపురముండే ఇల్లాలికి దినచర్యలో రెండు ముఖ్యమైన పనులుంటాయి. ఒకటి, ఇంట్లో ఇసుక ఊడ్వటం. రెండోది, ఊడ్చిన ఇసుక గంటలోగా మళ్ళీ ఎలా వచ్చి చేరిందా అని ఆశ్చర్యపోవటం. మాది నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే దారిలో, ఇందుకూరుపేటకు దగ్గర్లో వున్న వూరు. మధ్యాహ్నం రెండు దాటిందంటే చాలు, సముద్రపు గాలి సరుగుడు తోటల మీదుగా వచ్చి కిటికీ రెక్కల్ని టపటపలాడిస్తుంది. ఒళ్ళు చల్లబడుతుంది, నిజమే. కాని ఆ గాలి ఉత్తి చేతుల్తో వచ్చే రకం కాదు. గుప్పెడు ఇసుక, ఇంత తేమ, కాస్త ఉప్పు పట్టుకుని మరీ వస్తుంది. చెప్పులు గుమ్మం బయటే విడిచి కాళ్ళు కడుక్కుని లోపలికి రావాలని మన పెద్దలు ఎందుకన్నారో ఈ ప్రాంతపు కోడలికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అలాంటి ఇంట్లో మందపాటి తివాచీ ఏమిటమ్మా, అంటారు కాబోలు! అడగవలసిన మాటే. కాని ఆ తివాచీ నేను కొన్నది కాదు, కొనమన్నదీ కాదు. మా మామగారు ఏలూరులో ఉద్యోగం చేసే రోజుల్లో, 1964లో, మూడు నెలల జీతం మిగిల్చి కొన్నారట. ఏలూరు తివాచీలంటే మీకు తెలుసుగా! ఎప్పుడో పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఆ విద్య మొదలుపెట్టాయని చెబుతారు. మగ్గం మీద ఒక్కొక్క ఉన్నిపోగునీ చేత్తో ముడివేసి, పైన కత్తిరించి సమం చేస్తారు. అందుకే పాదం పెడితే పచ్చికలో పెట్టినట్టుంటుంది. మాది ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. ఇద్దరు పట్టినా లేవదు, ముగ్గురు కావాలి. మామగారు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. సాయంత్రం పూట మా అత్తగారు పడక్కుర్చీలో కూర్చుని, పాదాలు ఆ తివాచీ మీద ఆనించి, జపమాల తిప్పుకుంటారు. ఆవిడకిప్పుడు ఎనభై ఏడు. ఆ తివాచీని అక్కణ్ణించి కదిలించాలంటే ముందు ఆవిణ్ణి కదిలించాలి. అంత సాహసం మావారికే లేదు, ఇక నాకెక్కడిది?

చిక్కు మనవడితో వచ్చింది. నాలుగేళ్ళవాడు. సెలవులకు వచ్చిన రెండోరోజుకల్లా ముక్కు కారటం, మూడోరోజుకు ఆయాసం, రాత్రంతా పిల్లికూతలు. పిల్లల డాక్టరు గుండె, ఊపిరి పరీక్ష చేసి, "ఇంట్లో తివాచీలేమైనా వున్నాయా?" అనడిగాడు. వున్నదన్నాను. "తీసెయ్యండి. కుదరకపోతే లోపలి దుమ్ము బయటికి వచ్చేట్టుగా శుభ్రమన్నా చేయండి" అన్నాడు. దుమ్ములో కంటికి సరిగ్గా ఆనని పురుగులుంటాయట. మన ఒంటినుంచి రాలే చర్మపు పొట్టే వాటికి భోజనం. తేమగాలి వాటికి మహా ఇష్టం. ఇక మా వూరి కన్నా వాటికి స్వర్గం ఎక్కడ దొరుకుతుంది? పిల్లవాడికి పడనిది ముఖ్యంగా వాటి మలమేనట. ఈ మాట అత్తగారికి చెప్పాలా వద్దా అని రెండురోజులు తటపటాయించి, చెప్పేశాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడికంటే తివాచీ ఎక్కువా? చుట్టేయండి" అని మొహం అటు తిప్పుకున్నారు.

చుట్టెయ్యమన్నంత మాత్రాన చుట్టేయగలమా, మీరే చెప్పండి.

ఇన్నాళ్ళూ దాన్ని శుభ్రం చేసే పద్ధతి ఒక్కటే. నెలకోసారి పెరటి గోడమీద వేసి కర్రతో బాదటం. బాదేది మా ఇంట్లో పాతికేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. దెబ్బ దెబ్బకీ మబ్బులా దుమ్ము లేచేది. కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుని, దగ్గుతూనే బాదేది. ఇంతా చేస్తే పైదుమ్మే పోతుంది. ఇసుక బరువైంది కదా, అది మొదట్లోకి దిగి ముడుల మధ్య కూర్చుంటుంది. మనం నడిచినప్పుడల్లా ఆ రేణువులు ఆకురాయిలా ఉన్నిని కోస్తూ వుంటాయి. పోనీ గట్టిగా బాదుదామా అంటే అరవై ఏళ్ళ నాటి నేత, వెనక నూలు చిట్లుతుంది. కొబ్బరి ఈనెల చీపురుతో గీకితే పీచు లేస్తుంది, మెత్తచీపురు పైపైన నిమిరి వదిలేస్తుంది. అంచేత వాక్యూమ్ క్లీనరొకటి కొనక తప్పదని తేలింది.

మన దేశంలో ఈ యంత్రం మధ్యతరగతి గుమ్మాలు ఎక్కింది ముఖ్యంగా 1982 తర్వాతే. యురేకా ఫోర్బ్స్ మొదలైన ఏడు అది. టై కట్టుకున్న కుర్రాళ్ళు పెట్టె పట్టుకుని ఇంటింటికీ వచ్చి, మన పరుపులోంచి మన దుమ్మునే తీసి మనకు చూపించి సిగ్గుపడేట్టు చేసేవారు. అసలు యంత్రానికి మాత్రం నూట పాతికేళ్ళ చరిత్ర వుంది. 1901లో లండనులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు దీన్ని తయారుచేశాడు. అప్పట్లో దుమ్మును ఊదే యంత్రాలుండేవట. ఊదటమెందుకు, పీల్చరాదా అని ఆయనకు తోచింది. ఒక హోటల్లో కుర్చీ మీద చేతిరుమాలు పరిచి, నోటితో గట్టిగా పీల్చి చూసి ఉక్కిరిబిక్కిరి అయ్యాడు గాని, రుమాలుకి అంటిన మురికి చూసి సంతోషించాడట. ఆయన యంత్రం గుర్రబ్బండి అంత. వీధిలో నిలబెట్టి, కిటికీల్లోంచి పొడుగాటి గొట్టాలు లోపలికి పంపేవారు. 1902లో ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ ఆబే తివాచీలు అలాగే శుభ్రం చేశారు. గొప్పింటి ఆడవాళ్ళు ఈ వింత చూడటానికి స్నేహితురాళ్ళను తేనీటికి పిలిచేవారట. మనం బొమ్మల కొలువుకి పిలిచినట్టు!

నాకు మాత్రం బూత్ దొరగారి కన్నా జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ ఎక్కువ నచ్చాడు. ఆయన అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ అనే వూళ్ళో, ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే ఉద్యోగి. ఉబ్బసం మనిషి. తివాచీలు ఊడుస్తుంటే దుమ్ము లేచి ఊపిరాడేది కాదు. పాత ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి సొంతంగా ఓ యంత్రం కట్టుకున్నాడు. మూతి దగ్గర తిరిగే బ్రష్షు పెట్టాడు. 1908లో పేటెంటు వచ్చింది. తోలు సామాన్ల వ్యాపారి హూవర్ దాన్ని కొన్నాడు. తర్వాత ఇంగ్లండులో ఆ పేరే ఊడ్వటానికి మారుపేరైపోయింది. గలీబు సంచీ, తిరిగే బ్రష్షు రెండూ ఊడ్చేవాడి బుర్రలోంచే వచ్చాయన్న సంగతి గుర్తుపెట్టుకోండి. ఎందుకో చెబుతాను.

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక దుకాణానికి వెళ్ళాం. సేల్స్ కుర్రాడు ఎంతో మర్యాదగా, "ఇది 1800 వాట్లు మేడమ్, అది 2000" అంటూ వాట్ల వేలంపాట మొదలెట్టాడు. మావారు తలూపుతున్నారు. వాట్లంటే అది తినే కరెంటు, చేసే పని కాదు కదా! ఎక్కువ తిన్నవాడల్లా ఎక్కువ పనిచేస్తాడా? యూరప్‌లో అయితే ఈ వాట్ల పోటీకి చట్టమే కళ్ళెం వేసింది. 2014 సెప్టెంబరు నుంచి 1600 వాట్లు, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లు దాటిన వాక్యూమ్ క్లీనర్లు అక్కడి బజారులోకి రాకూడదన్నారు. ఆ దేశాల్లో మందపాటి తివాచీలు మనకన్నా ఎక్కువే. మరి వాళ్ళెలా ఊడ్చుకుంటున్నారు?

కిటుకు మూతిలో వుంది. కొబ్బరిబోండాంలో స్ట్రా పెట్టి నీళ్ళు పీలుస్తుంటాం. లేతకొబ్బరి ముక్క స్ట్రాకు అడ్డం పడిందనుకోండి, బుగ్గలు ఎంత లాక్కుపోయినా చుక్క రాదు. పీల్చే బలం ఒక్కటే చాలదు, గాలి ఆడటానికి దారి కావాలి. యంత్రం దుమ్మును తాడు కట్టి లాగదు. లోపలి ఫ్యాను గాలిని తోడేస్తే, బయటి గాలి ఆ ఖాళీలోకి పరిగెత్తుతూ దుమ్మును వెంటబెట్టుకు పోతుంది. మందపాటి ఉన్ని మీద బల్లపరుపు మూతి పెడితే అది అతుక్కుని కదలదు, గాలి ఆడదు, మొదట్లో ఇసుక మొదట్లోనే వుంటుంది. తిరిగే బ్రష్షు వుంటే ఉన్నిని దువ్వెనలా పాయలు తీసి, అడుగు ఇసుకను పైకి ఎగజిమ్ముతుంది.

ఈ బ్రష్షుల్లోనూ రెండు తెగలున్నాయి. పీల్చే గాలితోనే తిరిగేదొకటి, సొంత మోటారున్నదొకటి. మొదటిది పలచని వాటి మీద బాగానే తిరుగుతుంది గాని, మందపాటి ఉన్నిలో దిగబడితే ఆగిపోతుంది. మాలాంటి తివాచీకి రెండోదే కావాలి. అదైనా మీట నొక్కితే ఆగిపోయేది అయివుండాలి. లేకపోతే అంచుల కుచ్చుల్ని చుట్టేసుకుని పీకి పెడుతుంది. మా ఆడబిడ్డ కొడుకు బెంగుళూరులో తనంతట తాను తిరిగే రోబో కొన్నాడు. గచ్చు మీద బుద్ధిమంతుడే గాని, కుచ్చుల తివాచీ ఎక్కగానే చిక్కుకుని, రక్షించండంటూ కీచుమంటుందట. మావారి మనసు దాని మీదే వుండేది. ఆ కబురు విన్నాక కాస్త చల్లబడ్డారు.

ఆ రోజు కొనకుండానే వచ్చేశాం. నాలుగురోజుల తర్వాత మళ్ళీ వెళ్ళేటప్పుడు మా పనిమనిషిని వెంటబెట్టుకు వెళ్ళాను. "ఆమెందుకు?" అన్నారు మావారు. "ఊడ్చేది మీరా?" అన్నాను. మరి మాట్లాడలేదు.

ఆవిడ వాట్లు అడగలేదు. ముందొకదాన్ని ఎత్తి చూసి, "ఏందయ్యా ఇది, నడుం ఇరిగేటట్టుండాదే" అని పక్కన పెట్టింది. గొట్టం పొడుగు తన భుజానికి ఆనించి కొలుచుకుంది, వంగక్కర్లేకుండా వుండాలని. మోత వినిపించమంది. తర్వాత కుర్రాడు పారదర్శకపు డబ్బా ఒకటి చూపించి, "దీనికి సంచీ ఖర్చు లేదు, నిండగానే దులిపేసుకోవచ్చు" అన్నాడు గొప్పగా.

"దులిపేది ఎవురు?" అంది ఆవిడ.

కుర్రాడు నావైపు చూశాడు. నేను ఆవిడ వైపు చూశాను.

"నేనేగదా! ఇన్నాళ్ళూ కర్రతో బాదితే ఆ దుమ్మంతా నా మొఖానే పడె. ఇప్పుడు ఇంత డబ్బుబోసి కొని, ఈ డబ్బా దులిపినా నా మొఖానేనా?"

బిడ్డ ఆయాసం గురించి డాక్టర్ని అన్ని ప్రశ్నలడిగాం గాని, ఆవిడ దగ్గు గురించి మా ఇంట్లో ఎవరూ ఏ డాక్టర్నీ అడిగినట్టు నాకు గుర్తులేదు. ఆమె ప్రశ్నతోనే బేరం తేలిపోయింది. నిండాక మూతి మూసి, సంచీతో సహా పారేసే రకమే కావాలన్నాను. గాలి బయటికి వచ్చేచోట హెపా జల్లెడ కూడా వుండాలి. అమెరికా లెక్కన ఆ పేరు పెట్టుకున్న జల్లెడ 0.3 మైక్రాన్ల రేణువుల్ని నూటికి 99.97 వంతులు ఆపాలి. తలవెంట్రుక మందం అంతకు వందరెట్లకు పైమాటే. జల్లెడ లేకపోతే ముందునుంచి పీల్చిన సన్నదుమ్మును వెనకనుంచి ఇల్లంతా చల్లటమే అవుతుంది. సంచీలు మద్రాసు నుంచి తెప్పించాలన్నాడు కుర్రాడు. (చెన్నై అనటం నాకింకా అలవాటు కాలేదు.) అయితే ఒక్కసారే డజను తెప్పించమన్నాను. మావారు పక్కన నిలబడి ఒక్కో సంచీకి ఎంత పడుతుందో వేళ్ళ మీద లెక్కవేసుకున్నారు. చివరికి కొన్న యంత్రం 2000 వాట్లదీ కాదు, 1800దీ కాదు. సొంత మోటారు బ్రష్షున్నది, చక్రాల మీద దొర్లేది, ఆవిడ ఒంటి చేత్తో ఎత్తగలిగింది.

మొదటిరోజు నెమ్మదిగా, ఉన్ని వాలు చూసుకుని, ఒక్కోచోట నాలుగైదుసార్లు నడిపింది. గబగబా తోస్తే బ్రష్షుకి పనిచేసే వ్యవధి వుండదు. సగం తివాచీకే సంచీ బరువెక్కింది. కాటాలో పెడితే నాలుగువందల గ్రాములకు పైన! అంతా మైపాడు ఇసుకే. అత్తగారు పడక్కుర్చీలోంచి చూస్తున్నారు. మాసిన ఇటుకరంగు అనుకున్నది కాస్తా దానిమ్మగింజ రంగులోకి తిరిగింది. "మీ మామగారు బండి దింపించిన రోజున ఇదే రంగు" అన్నారు. "ఈ మర చీపురు అప్పుడే వుంటే..." అని ఆగిపోయారు.

డాక్టరుకి చెబితే మంచిదే గాని, యంత్రంతోనే సరిపెట్టుకోవద్దన్నాడు. ఆ పురుగులు ఉన్నిని పట్టుకుని వేలాడతాయట, అన్నీ రావట. అందుకని వారానికి రెండుసార్లు యంత్రం, ఎండల్లో మేడమీద తిరగేసి ఆరబెట్టటం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాకు వానలు, తుపాన్లు. ఆ మూణ్ణెల్లూ బాగా ఎండనిచ్చి, చుట్టి, మంచం మీదికెక్కించటం. దీనికి అత్తగారు కూడా ఒప్పుకున్నారు. మనవడు సంక్రాంతికి వస్తాడు. వాడి పడక మాత్రం ఆ గదిలో కాదు. ఆయాసం తగ్గుతుందో లేదో చూడాలి.

మా పనిమనిషి ఒక షరతు పెట్టింది. మర చీపురు పట్టిన రోజున గిన్నెలు మేమే తోముకోవాలట. ఒప్పుకున్నాను. మంగళ, శుక్రవారాల్లో గిన్నెలు మావారివి. నిన్న ఆయన పొలం నుంచి వచ్చి చెప్పులతోనే గుమ్మంలో అడుగుపెట్టబోతుంటే, లోపల్నుంచి కేక వినిపించింది: "అయ్యా, కాళ్ళు కడుక్కోని రాండి! ఒక్కో సంచీ ఎంతో మీకు దెలవదా ఏంది?"