తుడిచేశాం సరే, ఖాళీ అయిందా?

కొన్నేళ్ల కిందటి సంక్రాంతి. పులివెందుల దాటి వేముల మండలంలో ఉంది మా తుమ్మలపల్లె. పొద్దున్నే ఫోను. "అన్నా, డిస్కు తొంభై ఏడు శాతం నిండింది." క్లయింటుకి మన పండగలతో పనేముంది! సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్ తీసుకుని మిద్దె ఎక్కాను.

డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ప్రతి బిల్లుకీ ఒక వరస రాసుకునే లాగ్ టేబుల్ ఒకటి రాక్షసిలా పెరిగిపోయింది. మూడేళ్లు దాటినవన్నీ డిలీట్ చేసేశాను, దాదాపు ఎనిమిది కోట్ల వరసలు. ఘనకార్యం చేసినట్టు డిస్కు చూస్తే... అదే తొంభై ఏడు!

కారణం తెలిసినవాళ్లకి నవ్వొస్తుంది. డిలీట్ అంటే పోస్ట్‌గ్రెస్ ఆ వరసని చెరిపేయదు, "ఇది చచ్చింది" అని గుర్తు పెట్టుకుంటుంది అంతే. తర్వాత వాక్యూమ్ వచ్చి ఆ జాగాని కొత్త వరసలకి ఇస్తుంది. ఫైలు చివర పేజీలు పూర్తిగా ఖాళీ అయితే తప్ప ఆపరేటింగ్ సిస్టమ్‌కి మాత్రం తిరిగివ్వదు. అంటే నాకు కావాల్సిన జాగా ఆ టేబుల్లోనే ఉంది, డిస్కు మీద కనపడదు. మామూలు వాక్యూమ్ నడిపి, పాత బ్యాకప్ ఫైళ్లు నాలుగు పక్కకి జరిపి ఉంటే ఆ రోజు గడిచిపోయేది.

నేనేం చేశాను? వాక్యూమ్ ఫుల్ కొట్టాను. అది టేబుల్ మొత్తాన్ని కొత్త ఫైల్లోకి తిరగరాసి, రాయడం అయ్యాకే పాతదాన్ని వదులుతుంది. అంటే జాగా ఖాళీ చేయడానికి ముందు ఇంకొంచెం జాగా కావాలి! పైగా అయిపోయేదాకా టేబుల్‌కి తాళం, సెలెక్ట్ కూడా నడవదు. నలభై నిమిషాలు బిల్లింగ్ ఆగిపోయింది. చివరికి డిస్కు నిండి కమాండు ఎర్రరిచ్చి పడిపోయింది. మెయిల్లో "ఎమర్జెన్సీ మెయింటెనెన్స్" అని రాశాను. తిట్లన్నీ షిఫ్టులో ఉన్న కొత్త కుర్రాడు తిన్నాడు.

కిందికొస్తే నాయన, "ఏం రా, పండగ పూట గూడా ఆ పెట్టెతోనేనా?" అన్నాడు. పాతవన్నీ తీసేసినా జాగా రాలేదు నాయనా అని నాకొచ్చినట్టు చెప్పాను.

"నీళ్లు పోయినంత మాత్రాన చెరువు ఖాళీ అయితుందా? పూడిక అట్నే ఉంటది గదా."

తీద్దామనే పోతే మొత్తం ఆగిపోయింది అన్నాను.

"చెరువులో నీళ్లుండంగ పూడిక తీస్తారేంరా ఎవరన్నా?"

నా పదేళ్ల అనుభవం ఆ ఒక్క మాటకి సరిపోలేదు.

ఆలోచిస్తే మన వృత్తిలోనే చెరువు ఉంది. ఒరాకిల్లో హై వాటర్ మార్క్ అంటారు చూడండి, మరవ రాయి మీద నీటి గుర్తు లాంటిదే. టేబుల్లో వరసలన్నీ డిలీట్ చేసినా, ఫుల్ స్కాన్ ఆ గుర్తు దాకా ఖాళీ బ్లాకులన్నీ చదువుకుంటూ పోతుంది. ఇంకొంచెం వెనక్కి వెళ్తే, మా కడప జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకి పన్నెండు అంగాలు, ఆరు దోషాలు లెక్కగట్టి చెప్పింది. చెరువు నడుమ ఎత్తుగా దిబ్బ ఉండటం ఆ దోషాల్లో ఒకటి. ఆరున్నర శతాబ్దాల కిందటి డిజైన్ డాక్యుమెంట్! మనం రాస్తున్నామా అలాంటిది? టేబుల్ కట్టేటప్పుడే "ఇది ఎప్పుడు ఖాళీ అవుతుంది, ఎలా?" అని ఎంతమందిమి అడుగుతున్నాం?

తర్వాత ఆ టేబుల్‌ని నెలకో పార్టిషన్‌గా విడగొట్టాం. 2017లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఇది తేలిక. నెల పాతబడితే ఆ పార్టిషన్‌ని డ్రాప్ చేస్తే చాలు, జాగా అప్పటికప్పుడు డిస్కుకి వస్తుంది. ఆ కుర్రాడికి ఫోను చేసి, తప్పు నాదని టీమ్ మొత్తానికీ మెయిల్ పెట్టాను. నాలుగు రోజులు ఆలస్యంగా, నిజమే.

మిద్దె మీద కూర్చున్నప్పుడు నాకు ఇంకో చెరువు కూడా గుర్తొచ్చింది. మా ఊరి పేరు మీరు పేపర్లో చూసుంటే యురేనియం గని వల్లే. 2007లో శంకుస్థాపన, 2012లో ప్రారంభం. టన్ను రాయి తవ్వితే కిలో యురేనియం కూడా రాదు. మిగిలిన దాదాపు టన్నూ బురదగా టెయిలింగ్ పాండ్‌లోకి పోతుంది. బోర్ల నీళ్లు మారాయని చుట్టుపక్కల రైతులంటారు, కాదని కంపెనీ అంటుంది. ఆ తగువు తీర్చేంత చదువు నాకు లేదు. కానీ ఆ బురదలో ఉండే రేడియం సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు పడుతుందని మాత్రం తెలుసు.

దానికి డ్రాప్ లేదు, వాక్యూమ్ లేదు. ఆ పూడిక తీసి ఎవరి చేనుకీ తోలలేం.

మన డేటాబేస్‌లో ఎంత చెత్త పేరుకున్నా, ఒక రాత్రి కష్టపడితే ఖాళీ చేయొచ్చు. అది మన అదృష్టం. అందుకే ఇప్పుడు ఎవరైనా కొత్త టేబుల్ డిజైన్ తెస్తే నా మొదటి ప్రశ్న ఒకటే: "నింపడం సరే బాబూ, తీసేదెట్లా?"