టీవీ మాట తెలియకపోతే లోపమెక్కడ?

"టీవీలో మాట వినబడుతోంది, కాని ఏమంటున్నారో తెలియడము లేదు." సికింద్రాబాదులో వైద్యవృత్తి చేసిన రోజులలో ఈ మాటను రోగుల నోట విన్నాను. వృత్తి విరమించాక ఇరుగుపొరుగువారి నోట వింటున్నాను. చాలా ఇళ్ళలో ఆ తరువాత జరిగేది ఒకటే. ముందు శబ్దము పెంచుతారు. అప్పటికీ తెలియకపోతే మెకానిక్కును పిలుస్తారు. అతడి వలన కూడా కాకపోతే కొత్త టీవీ కొంటారు. దానిలో కూడా మాట తెలియకపోతే ఈ కాలపు నటులకు ఉచ్చారణ రాదని తీర్మానిస్తారు! ఇంత జరిగినా చెవిని పరీక్ష చేయించుకోవాలన్న ఆలోచన రాదు. టీవీలలో, ఆంప్లిఫయర్లలో లోపములను వెదికే పద్ధతిని కొంత చెప్పి, ఆ పద్ధతి మనలను చెవి వద్దకు ఎలా తీసుకువెళుతుందో వివరించడము ఈ వ్యాసపు ఉద్దేశము.

రేడియోలు, ఆంప్లిఫయర్లు విప్పి బాగుచేయడము వైద్యవిద్యార్థిగా ఉన్ననాటి నుంచి నాకున్న వ్యసనము. ఈ ఊరి గాలిలోనే అది ఉన్నదేమో! మనమందరము ఇ.సి.ఐ.ఎల్ అని పిలిచే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1967లో అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యములో ఇక్కడ ఏర్పడింది. సికింద్రాబాదుకు ఈశాన్యమున ఆ సంస్థ పేర ఒక కూడలి, ఆయన పేర ఏ.ఎస్.రావు నగర్ నేటికీ ఉన్నాయి. 1975 ఆగస్టు నుంచి ఒక సంవత్సరము పాటు, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా వ్యవసాయ, ఆరోగ్య కార్యక్రమములను చూపిన 'సైట్' ప్రయోగమునకు టీవీలను తయారుచేసినది ఆ సంస్థే. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ మొదలైనాక, టీవీ ఉన్న ఇంటికి వీధి వీధంతా సాయంత్రము చేరేది. చెడిన టీవీని పారవేసే కాలము కాదది. కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్ళి విడిభాగము తెచ్చుకొని, టంకము పెట్టి అతికించి, మళ్ళీ పలికించేవాళ్ళము.

శబ్దము ఒక బారున ప్రయాణిస్తుంది. ప్రసార కేంద్రము నుంచి సెట్‌టాప్ బాక్సుకు, అక్కడ నుంచి తీగ ద్వారా టీవీకి, టీవీలోని ఆంప్లిఫయరు నుంచి స్పీకరుకు, స్పీకరు నుంచి గదిలోని గాలి ద్వారా వినేవారికి చేరుతుంది. మంచి మెకానిక్కు స్క్రూడ్రైవరు తీసే ముందే, ఈ బారులో ఏ భాగము వరకు అంతా సవ్యముగా ఉన్నదో తేల్చుకుంటాడు. అందుకు అతడి ఉపాయము ఒక దాని బదులు మరొక దానిని పెట్టి చూడడము. కుడి స్పీకరు పలకకపోతే ఆంప్లిఫయరును ఆపి, దాని వెనుకనున్న కుడి, ఎడమ స్పీకర్ల తీగలను తారుమారు చేస్తాడు. ఇప్పుడు ఎడమ స్పీకరు మూగపోతే లోపము ఆంప్లిఫయరులోనో, దాని కంటె ముందో ఉన్నది. కుడి స్పీకరే మూగగా ఉండిపోతే ఆ స్పీకరో, దాని తీగో చెడినది.

మేము శ్రుతిదండమును మ్రోగించి నుదుటి మధ్య ఆనించి, ఏ చెవిలో ఎక్కువగా వినబడుతోందని అడిగేది కూడా ఇటువంటి పరీక్షే. వెలుపలి చెవిలోనో, మధ్యచెవిలోనో అడ్డు ఉంటే శబ్దము బాగులేని చెవిలో ఎక్కువగా వినబడుతుంది. లోచెవి లేక శ్రవణనాడి దెబ్బతింటే బాగున్న చెవిలో ఎక్కువగా వినబడుతుంది.

పెట్టెను విప్పకుండా ఎవరైనా పరీక్షించుకోదగినవి కొన్ని ఉన్నాయి. ఒక ఛానెలులోనే మాట బాగులేకపోతే లోపము ప్రసారములో ఉన్నట్లే. బొమ్మ వస్తూ అసలు శబ్దము రాకపోతే, టీవీ ఏ బ్లూటూత్ పరికరముతోనో జతపడి ఉన్నదేమో, వెనుక ఇయర్‌ఫోను పిన్ను మిగిలిపోయినదేమో చూడాలి. సంగీతము హోరెత్తుతూ సంభాషణ మాత్రము సన్నగా ఉంటే, సెట్‌టాప్ బాక్సు ధ్వనిని 'సరౌండ్' నుంచి 'స్టీరియో'కు మార్చి చూడాలి. పలుచని టీవీలలో స్పీకర్లు చాలా వరకు కిందికో, గోడ వైపుకో తిరిగి ఉంటాయి కనుక మాట మన వైపు సూటిగా రాదు. శబ్దము వస్తూ తెర నల్లగా ఉంటే, గదిని చీకటి చేసి తెరపై టార్చి వేసి చూడాలి. బొమ్మ మసకగా కనబడితే తెర వెనుక దీపములు పోయినట్లు.

ఆంప్లిఫయరులో 'గుయ్' మనే మోత శబ్దమును పూర్తిగా తగ్గించినా తగ్గకపోతే, విద్యుత్తును సరిచేసే కెపాసిటర్లు నీరసించినట్లు భావించవచ్చు. మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 50 హెర్ట్జులది. అది ఏకముఖ విద్యుత్తుగా మారేటప్పుడు మిగిలే అల 100 హెర్ట్జుల మోతగా వినబడుతుంది. శబ్దము తగ్గించే కొద్దీ మోత తగ్గితే లోపము లోపలికి వచ్చే తీగలలో ఉంటుంది. కెపాసిటర్లకు వేడి శత్రువు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుంది. అందుచేత టీవీని గోడగూటిలో గాలి ఆడకుండా బిగించరాదు.

పెట్టె విప్పడము మాత్రము శిక్షణ పొందినవారికే వదలాలి. ఒక వైద్యునిగా ఈ మాట నొక్కి చెబుతున్నాను. 230 వోల్టుల విద్యుత్తుతో పనిచేసే టీవీలో ప్రధాన కెపాసిటరు సుమారు 325 వోల్టులను నిలువ చేసుకుంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు ఆ విద్యుత్తు అక్కడే ఉండవచ్చు. పాత గాజుగొట్టపు టీవీలలో 20,000 వోల్టులకు పైగా ఉంటుంది. రిమోటుతో ఆపితే టీవీకి విద్యుత్తు ఆగినట్లు కాదు. ఉరుములు, మెరుపులు మొదలయ్యే ముందే ప్లగ్గు, కేబులు రెండూ తీసివేయడము మేలు. ఎవరికైనా విద్యుద్ఘాతము తగిలితే వారిని ముట్టుకోకుండా ముందు మెయిన్ స్విచ్చి ఆపాలి. తరువాత 108కి ఫోను చేయాలి. ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ మర్దన మొదలుపెట్టాలి.

ఇక బారులోని చివరి భాగమునకు వస్తాను. మా పొరుగున రైల్వేలో పనిచేసి విశ్రాంతి పొందిన ఒక పెద్దాయన ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. వారి టీవీకి ఆరు నెలలలో స్పీకర్లు మార్చారు, సౌండ్‌బారు కొన్నారు. సంవత్సరము తిరగకుండా మూడవ మెకానిక్కు వచ్చిన రోజున నేను కూడా అక్కడ ఉన్నాను. నడివయస్సు దాటిన ఆ మెకానిక్కు పది నిముషములు తీగలు మార్చి చూశాడు. తరువాత పెద్దాయనను లేపి, ఆయన కుర్చీలో వారి భార్యను కూర్చోబెట్టాడు.

"అమ్మా, మాట తెలుస్తోందా?"

"ఇంతకంటె ఇంకేమి తెలియాలి నాయనా? నాలుగిళ్ళ అవతలకు కూడా తెలుస్తోంది!"

అతడు టీవీ ఆపి, పెద్దాయన వెనుకకు వెళ్ళి మామూలు గొంతుతో, "సార్, కొంచెము మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అని అడిగాడు. ఆయన తల తిప్పలేదు. మెకానిక్కు నా వైపు చూసి, "డాక్టరు గారూ, ఈ మరమ్మతు నాది కాదండీ, మీది," అన్నాడు. డబ్బు కూడా పుచ్చుకోలేదు.

పెద్దాయనకు కోపము వచ్చింది. "నేను చెవిటివాడినని మీ అభిప్రాయమా?" అని నన్ను అడిగారు. మీకు కళ్ళజోడు ఎన్నేళ్ళుగా ఉన్నదని నేను అడిగాను. ఆయన సమాధానము చెప్పలేదు. ఆయన సాయంత్రపు నడకకు, స్నేహితుల ముచ్చట్లకు వెళ్ళడము మానివేసి అప్పటికి చాలా కాలమైనదని వారి భార్య తరువాత చెప్పారు. అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలియక నవ్వవలసి రావడము ఆయనకు చిన్నతనముగా ఉండేదట. నన్ను కలతపెట్టినది ఆ మాట. టీవీ తెలియకపోతే పోయేది ఒక సీరియలు. మనుషుల మాట తెలియకపోతే మనుషులే దూరమవుతారు.

చెవి కూడా ఒక ఆంప్లిఫయరే. కర్ణభేరి, దాని వెనుకనున్న మూడు చిన్న ఎముకలు శబ్దపు ఒత్తిడిని సుమారు 20 రెట్లు పెంచి, నత్తగుల్ల ఆకారములో ఉండే కాక్లియాకు అందిస్తాయి. ఒక్కొక్క చెవిలో సుమారు 15,000 రోమకణములు ఆ కదలికలను నాడీ సంకేతములుగా మారుస్తాయి. నశించిన రోమకణములు మనుషులలో మళ్ళీ పుట్టవు. వయస్సు వలన, ఏళ్ళ తరబడి విన్న పెద్ద శబ్దముల వలన ముందుగా దెబ్బతినేవి హెచ్చు పౌనఃపున్యపు ధ్వనులను గ్రహించే కణములు. అచ్చుల బలము తక్కువ పౌనఃపున్యములలోను, 'స', 'త', 'ప' వంటి హల్లుల స్పష్టత హెచ్చు పౌనఃపున్యములలోను ఉంటుంది. అందుచేత మాట వినబడుతుంది కాని, కాసు అన్నారో, కాపు అన్నారో, కాటు అన్నారో తెలియదు.

శబ్దము పెంచితే ఈ లోపము తీరదు. పెంచినప్పుడు అచ్చులు, వెనుకటి సంగీతము కూడా పెరుగుతాయి. పైగా రోమకణములు తగ్గిన చెవికి మెల్లని శబ్దము వినబడదు కాని, గట్టి శబ్దము మామూలు చెవికి వినబడినంత గట్టిగానే వినబడుతుంది. "మెల్లగా చెబితే వినబడదు, గట్టిగా చెబితే అరుస్తావేమంటారు" అని ఇంటిలోనివారు విసుగుకొనేది ఇందుకే. అది పెద్దవారి చాదస్తము కాదు, లోచెవి దెబ్బతినడము వలన కలిగే లక్షణము.

చెవి లోపములన్నీ వయస్సు వలన కలిగేవి కావు. గుబిలి గట్టిపడి అడ్డుకుంటే దానిని తీయించుకొంటే చాలు. పిన్నీసులు, పుల్లలు పెట్టరాదు. మధ్యచెవి వ్యాధులలో చాలా వాటికి చికిత్స ఉన్నది. జెంటమైసిన్, అమికాసిన్ వంటి మందులు లోచెవిని దెబ్బతీయగలవు. ఒక చెవి హఠాత్తుగా వినబడకపోతే అది అత్యవసర స్థితి. ఆలస్యము చేయకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యుని చూడాలి. మొదటి రోజులలో చికిత్స జరిగితేనే వినికిడి తిరిగి వచ్చే అవకాశము ఎక్కువ.

మా పెద్దాయనకు ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్షలో రెండు చెవులలోను హెచ్చు పౌనఃపున్యముల వినికిడి తగ్గినట్లు తేలింది. శ్రవణయంత్రములు అమర్చారు. ఇవి శబ్దమునంతటినీ ఒకే మోతాదులో పెంచవు. తగ్గిన పౌనఃపున్యములను ఎక్కువగా పెంచి, గట్టి శబ్దములను అదుపులో ఉంచుతాయి. మొదటి వారములలో పంకా చప్పుడు, గిన్నెల చప్పుడు ఆయనను విసిగించాయి. మెదడు వాటికి అలవాటుపడడానికి కొంత కాలము పడుతుంది. ఆ కాలములో యంత్రములను పెట్టెలో దాచకుండా రోజూ ధరించడము ముఖ్యము. ఆయన ధరించారు. ఇప్పుడు సాయంత్రములు మళ్ళీ నడకకు వెళుతున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారము ప్రపంచములో 150 కోట్ల మందికి పైగా ఏదో ఒక స్థాయిలో వినికిడి లోపము ఉన్నది. మతిమరపు వ్యాధికి దోహదము చేసే, మనము సరిదిద్దుకోదగిన 14 అంశములలో వినికిడి లోపము ఒకటని లాన్సెట్ పత్రిక నిపుణుల సంఘము 2024లో పేర్కొంది. ఇయర్‌ఫోనులు వాడే పిల్లలకు కూడా ఒక మాట చెప్పాలి. పెద్దలకు సైతము 80 డెసిబెళ్ళ శబ్దము వారానికి 40 గంటల వరకే క్షేమము. 90 డెసిబెళ్ళయితే 4 గంటలే.

మీ ఇంటిలో టీవీ శబ్దము నెలనెలా పెరుగుతోందా? మెకానిక్కును పిలిచే ముందు మరొకరిని అదే కుర్చీలో కూర్చోబెట్టి అడగండి. వారికి మాట స్పష్టముగా తెలిస్తే, ఆ మరమ్మతు డబ్బును వినికిడి పరీక్షకు వెచ్చించండి.