తోరణమే చిరునామా

సెలవునాడు డుమస్ నల్లని ఇసుకపై సేదదీరే సూరత్ శ్రామికుల్లో తెలంగాణ పద్మశాలీలూ ఉన్నారు. లింబాయత్ ప్రాంతపు మరమగ్గాలపై వారు నేసే పాలిస్టర్ బట్ట దేశమంతటా అమ్ముడవుతుంది. నేసినవారికి దక్కేది మీటరు లెక్కన కూలి.

తెగిన గుడ్డముక్కలను మామిడాకుల్లా కత్తిరించి, అంచు మడిచి, దారానికి గుచ్చితే అద్దె ఇంటి ముందుగదికి వాడిపోని తోరణం సిద్ధం. దానికి ఖర్చు లేదు, యజమాని అనుమతీ అక్కరలేదు. ఇల్లు మారితే వెంట వస్తుంది.

ప్రభుత్వ రక్షణలు అలా వెంట రాలేదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు రప్పించినవారికే వర్తించింది. బంధువుల వెంట సొంతంగా వచ్చిన నేతగాడు దాని పరిధిలోకే రాలేదు. చట్టం లెక్కించని కుటుంబం ఇక్కడ నివసిస్తోందని చెప్పే పని ఆ గుడ్డముక్కలకు మిగిలింది.